ఛాప్లెయిన్ హెల్మెట్ కొంటున్నారా? శిలువ సంగతి చివర్లో చూడండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా ఎం1 హెల్మెట్ అరుదైనదేమీ కాదు, వెతికితే దొరుకుతుంది. దాని ముందు వైపు తెల్ల రంగుతో ఒక శిలువ ఉంటే మాత్రం, అది ఛాప్లెయిన్‌ది, అంటే సైన్యంలోని మతగురువుది అని చెప్పి, ధర అమాంతం కొన్ని రెట్లు పెరిగిపోతుంది. ఆ శిలువ గీయడానికి కావలసింది ఒక కుంచె, కాస్త తెల్ల పెయింటు, ఓ పావుగంట టైము. మిలిటరీ పాత సామాను బజారులో ఇంతకంటే తేలిగ్గా డబ్బు చేసుకునే దారి నాకు తెలిసి ఇంకోటి లేదు. అందుకే ఛాప్లెయిన్ హెల్మెట్ అని ఎక్కడ కనబడినా, ముందు అది మసిపూసి మారేడుకాయ చేసిందే అనుకుని మొదలుపెట్టండి, కాదని అదే నిరూపించుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో కొందరికి ఈ మధ్య ఎస్టేట్ సేల్స్ (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట్లు), గన్ షోలు, ఫ్లీ మార్కెట్లు తిరిగి ఇలాంటివి ఏరుకొచ్చే సరదా బాగా పట్టుకుంది. "అన్నా, ఇది ఒరిజినలేనా చూడు" అని వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. తెరిస్తే అందులో శిలువ మాత్రమే ఉంటుంది, అదీ బాగా దగ్గరగా. లోపలి భాగం, అంచు, పట్టీలు, లైనర్, ఇవేవీ ఉండవు. అసలు విషయమంతా వాటిలోనే ఉంది కాబట్టి నేను చూసే వరసలోనే ఇక్కడ రాస్తున్నా. ఎక్కువగా అమెరికా ఆర్మీ, 1941 నుంచి 1945 వరకు. మిగతా దేశాలు, మిగతా యుద్ధాలు కాస్త పైపైన.

ఛాప్లెయిన్ అంటే సైన్యంలో ఆఫీసర్ హోదాతో ఉండే మతగురువు. మన భారత సైన్యంలో పండిట్, గ్రంథి, మౌల్వీ, పాద్రీలు జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదాలో రెలిజియస్ టీచర్లుగా ఉంటారు. అమెరికాలో అలా కాదు, పూర్తి స్థాయి కమిషన్డ్ ఆఫీసర్, సాధారణంగా ఫస్ట్ లెఫ్టినెంట్‌గా చేరేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆర్మీలో దాదాపు 9 వేల మంది పనిచేశారు. ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కులు ఎక్కువ, యూదు రబ్బీలు మిగతా దళాలు కూడా కలిపి మూడు వందల పైచిలుకు. వీళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే ఛాప్లెయిన్ స్కూల్ 1942 ఆగస్టు నుంచి ఏకంగా హార్వర్డ్ యూనివర్సిటీలో నడిచింది. ఆయుధం పట్టరు. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం డాక్టర్లకి ఉన్న రక్షణే వీళ్ళకీ ఉంది, అందుకే చేతికి రెడ్‌క్రాస్ పట్టీ కట్టుకున్న ఛాప్లెయిన్లు పాత ఫొటోల్లో కనిపిస్తారు. ఇంకో ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. సుమారు మూడు వేల మంది ఉండే ఒక ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌కి మామూలుగా ముగ్గురే ఛాప్లెయిన్లు.

ఉక్కు చిప్పతో మొదలు

హెల్మెట్‌ని బోర్లించి, లోపలి వైపు నుంచి చూడడం మొదలుపెట్టండి. ఎం1 రెండు ముక్కలు. బయట ఉక్కు చిప్ప, దాన్ని షెల్ అంటారు. లోపల తేలికైన లైనర్. యుద్ధకాలంలో షెల్స్ తయారుచేసినవి రెండే కంపెనీలు, డెట్రాయిట్‌లో మెకార్డ్, సెయింట్ లూయిస్‌లో ష్లూటర్. 1945 కల్లా రెండూ కలిపి 2 కోట్ల 20 లక్షలకు పైగా చేశాయి, అందులో సింహభాగం మెకార్డ్‌దే. ముందు అంచు లోపలి వైపు, పెయింటు కింద ఒక చిన్న ముద్ర ఉంటుంది. మెకార్డ్ అయితే ఒక అంకె, దాని పక్కన ఒక్కోసారి ఒక అక్షరం. ష్లూటర్ అయితే అంకెతో పాటు ఇంగ్లిష్ ఎస్ అక్షరం. ఫోన్ టార్చిని ఎదురుగా కాకుండా బాగా పక్కకి పెట్టి, కాంతి షెల్ మీద ఏటవాలుగా పాకేలా పట్టుకుంటే తప్ప కనిపించదు. అది తేదీ కాదు, ఏ విడత ఉక్కుతో చేశారో చెప్పే నంబర్. కానీ నంబర్లు వరసగా పెరుగుతూ పోతాయి కాబట్టి షెల్ ముందుదా, నడిమిదా, చివరిదా అన్నది సుమారుగా తేలుతుంది.

తర్వాత చిన్‌స్ట్రాప్, అంటే గడ్డం కింద కట్టుకునే పట్టీ, తగిలించిన కొక్కేలు చూడండి. మొదట్లో కదలకుండా షెల్‌కి వెల్డింగ్ చేసి ఉండేవి, ఊరికే విరిగిపోయేవి. 1943 చివరి నుంచి అటూ ఇటూ తిరిగే కొక్కేలు వచ్చాయి. అంచు చుట్టూ ఉన్న రేకు పట్టీ కలిసే అతుకు 1944 చివరి దాకా ముందు వైపు ఉండేది, ఆ తర్వాత వెనక్కి మారింది. ఇప్పుడు ఇవన్నీ కథతో పోల్చండి. 1944 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో దిగిన ఛాప్లెయిన్‌ది అని చెప్పి, అతుకు వెనక ఉన్న షెల్ చూపిస్తే ఇక శిలువ చూడక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

యుద్ధకాలపు షెల్ మీద ముదురు ఆకుపచ్చ పెయింటులో బెండు పొడి కలిపేవాళ్ళు, వెలుగుకి మెరవకుండా. వేలితో రాస్తే గరుగ్గా ఉంటుంది కానీ గుచ్చుకోదు. యుద్ధం తర్వాత ఆర్మీ ఈ షెల్స్‌నే లక్షల్లో తిరిగి బాగుచేసి, కొత్తగా రంగు వేసి, కొరియాకీ వియత్నాంకీ పంపింది. అప్పుడు వేసిన పెయింటులో బెండుకి బదులు ఇసుక ఉంటుంది, గరుకుకాగితంలా చేతికి తగులుతుంది. చిన్‌స్ట్రాప్ కుట్టి కాకుండా క్లిప్పుతో తగిలించి ఉంటుంది. ఇసుక పెయింటు మీద తెల్ల శిలువ, కొక్కెం దగ్గర క్లిప్పు, పక్కన "ఒమాహా బీచ్" (నార్మండీలో అమెరికా సైన్యం దిగిన తీరం) అని రాసిన చీటీ, ఈ మూడూ కలిసి నేను చాలాసార్లు చూశాను. హెల్మెట్ అసలుదే, ముద్ర అసలుదే, చీటీ ఒక్కటే అబద్ధం. అది కొరియా యుద్ధం నాటి ఛాప్లెయిన్‌ది అయ్యే వీలు లేకపోలేదు, కాకపోతే అప్పుడు ఆ ధరా ఆ కథా రెండూ మారాలి కదా.

యూరప్‌లో కొన్ని దేశాలు యుద్ధం తర్వాత ఎం1 నమూనాలోనే సొంతంగా హెల్మెట్లు చేసుకున్నాయి. దూరం నుంచి తేడా తెలియదు. అమెరికా ముద్ర లేకపోతే అనుమానించండి.

లైనర్, దాని పెళ్ళి గొడవ

లైనర్ లోపల నడినెత్తి దగ్గర తయారీదారు గుర్తు ఉంటుంది. వెస్టింగ్‌హౌస్, ఫైర్‌స్టోన్, ఇన్‌లాండ్, కపాక్, మైన్ సేఫ్టీ అప్లయన్సెస్, సీమన్ పేపర్, ఇంటర్నేషనల్ మోల్డెడ్ ప్లాస్టిక్స్ లాంటివి. మొదటి రోజుల్లో హాలీ కంపెనీ చేసిన లైనర్లు నొక్కిన అట్టలాంటివి, పైన గుడ్డ అంటించి ఉంటుంది, తడిస్తే ఉబ్బిపోయేవి. బాగున్న హాలీ లైనర్ దొరికితే దాని విలువ దానిదే.

లైనర్ ఎందుకంత ముఖ్యమంటే, పేరు ఉంటే గింటే చాలాసార్లు ఉండేది అక్కడే. చెమట పట్టీ మీద, లోపలి గుడ్డ పట్టీల మీద, లేదా వెనక అంచు దగ్గర సిరాతోనో పెయింటుతోనో రాసుకునేవాళ్ళు. చిక్కు ఏమిటంటే లైనర్‌నీ షెల్‌నీ విడదీయడానికి ఒక్క సెకను చాలు. ఒక చోట శిలువ ఉన్న షెల్, ఇంకో చోట ఎవరో ఆఫీసర్ పేరున్న లైనర్, రెండూ కలిపి అమ్మేస్తారు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయాలన్న సామెత ఈ వ్యాపారంలో బాగా పాటిస్తారు.

రెండూ నిజంగా కలిసి బతికాయా అన్నది చూడడానికి ఒక పద్ధతి ఉంది. షెల్ లోపల ఉన్న కొక్కేలు లైనర్ పక్కలకి రాసుకుంటూ ఉంటాయి. ఏళ్ళ తరబడి ఒకేచోట ఉంటే లైనర్ రెండు పక్కలా పెయింటు లేచిపోయి గుర్తులు పడతాయి, తుప్పు మరకలు కూడా దిగుతాయి. లైనర్‌ని షెల్‌లో పెట్టి ఆ గుర్తులు కొక్కేలకి సరిగ్గా ఎదురుగా వస్తున్నాయా చూడండి. అరంగుళం పక్కకి ఉంటే ఆ లైనర్ ఇంకెవరితోనో కాపురం చేసి వచ్చిందని అర్థం. సైన్యంలో ఉన్నప్పుడే మారిపోయి ఉండొచ్చు, అందువల్ల ఇది ఒక్కటే పట్టుకుని తీర్పు ఇవ్వకండి. ధర తగ్గించి అడగడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇప్పుడు శిలువ

ముందు ఆకారం. క్రైస్తవ ఛాప్లెయిన్ గుర్తు లాటిన్ శిలువ, అంటే కింది కాడ పొడుగ్గా ఉంటుంది. నాలుగు చేతులూ సమానంగా ఉండి, ఎర్రగా, తెల్లటి గుండ్రం మధ్యలో ఉంటే అది మెడిక్‌ది, అంటే వైద్య దళం వాళ్ళది. ఈ రెండూ కలిపేసి అమ్మేవాళ్ళున్నారు, తెలియకా, తెలిసీ. యూదు ఛాప్లెయిన్ గుర్తు పది ఆజ్ఞల పలకలు, పైన దావీదు నక్షత్రం. యుద్ధకాలంలో ఆ పలకల మీద రోమన్ అంకెలు ఉండేవి, హీబ్రూ అక్షరాలు 1980ల మొదట్లో వచ్చాయి. అందువల్ల ఎం1 మీద హీబ్రూ అక్షరాల పలకలు గీసి "1944 నాటి రబ్బీ హెల్మెట్" అంటే నవ్వుకోవచ్చు. ఓం గుర్తు అయితే మరీ కొత్తది, అమెరికా సైన్యంలో మొదటి హిందూ ఛాప్లెయిన్‌గా ప్రతిమా ధర్మ్ నియామకం జరిగింది 2011లో.

వెనక వైపు నిలువుగా తెల్ల గీత ఉందేమో చూడండి. నార్మండీ నాటి నుంచి యూరప్‌లో ఆఫీసర్లకి నిలువు గీత, సార్జెంట్ లాంటి వాళ్ళకి అడ్డగీత వేసేవాళ్ళు, వెనక నడిచేవాళ్ళకి ఎవరి వెంట వెళ్ళాలో తెలియడానికి. ఛాప్లెయిన్ ఆఫీసరే కాబట్టి నిలువు గీత ఉంటే సబబు. ముందు శిలువ, వెనక అడ్డగీత ఉంటే ఏదో తేడా కొడుతోంది. అది ఛాప్లెయిన్ సహాయకుడిది కావచ్చు, వాళ్ళు మామూలు సైనికులు, లేదా ఎవరో సార్జెంట్ హెల్మెట్ మీద తర్వాత గీసిన శిలువ కావచ్చు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అందరు ఛాప్లెయిన్లూ శిలువ వేసుకోలేదు. తెల్లటి గుర్తు నుదుటి మీద పెట్టుకుని ముందు వరసలో తిరగడం స్నైపర్‌కి బొట్టు పెట్టి పిలవడమే, అందుకని కొందరు అసలు వేయలేదు, కొందరు మట్టి పూశారు, కొందరు పైన వల కప్పుకున్నారు. శిలువ లేకుండా, లోపల పేరు మాత్రమే ఉండి, ఆ పేరు ఫలానా రెజిమెంట్ ఛాప్లెయిన్‌దని కాగితాల్లో తేలే హెల్మెట్లు ఉంటాయి. అమ్మేవాడికే ఆ సంగతి తెలియదు కాబట్టి మామూలు ఎం1 ధరకే పడుంటాయి. నా దృష్టిలో ఈ సరదా అంతా అక్కడే ఉంది, శిలువల వెంట పడే వాళ్ళని అటు పోనివ్వండి.

సరే, శిలువ ఉంది, పెయింటు పాతదా కొత్తదా? పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం కొనండి, నగల షాపుల వాళ్ళు వాడేది. ఆకుపచ్చ పెయింటు మీద గీతలు, గాట్లు ఉంటాయి కదా, ఒక గాటు శిలువ అంచు వైపు వెళ్ళేది పట్టుకోండి. అది ఆకుపచ్చలోంచి వచ్చి, తెల్ల రంగుని కూడా చీల్చుకుంటూ అవతలికి పోతే ఆ శిలువ గాటు కంటే ముందుది. గాటు శిలువ దగ్గరికొచ్చి ఆగిపోయి, తెల్ల రంగు ఆ గాడిలోకి దిగి నిండిపోయి ఉంటే, హెల్మెట్ దెబ్బలు తిన్న తర్వాత వేసిన రంగు అది. తుప్పు కూడా అంతే. కింద నుంచి తుప్పు లేచి తెల్ల రంగుని పెచ్చులుగా తోసేస్తే మంచిదే, తుప్పు మీద తెల్ల రంగు పరుచుకుని ఉంటే కాదు. బెండు పొడి గింజలు చూడండి, పాత శిలువలో ఆ గింజల నెత్తిన రంగు అరిగిపోయి గుంటల్లో మాత్రం మిగిలి ఉంటుంది. పాతబడినట్టు కనిపించాలని గరుకుకాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే వైపు, దువ్వెనతో దువ్వినట్టు వస్తాయి. టీ డికాక్షన్ పూయడం, బూట్ పాలిష్ రుద్దడం మామూలే. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడానికి సిగ్గుపడకండి.

చేతిలోకి యూవీ టార్చి కూడా తీసుకోండి, ఖరీదు తక్కువే. ఇప్పటి కుట్టుదారాల్లో చాలావరకు, ఇప్పటి కొన్ని తెల్ల పెయింట్లు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. పట్టీ కుట్టిన దారం ట్యూబ్‌లైట్‌లా వెలిగితే అది మార్చిన దారం. మెరవలేదు కాబట్టి పాతదే అని మాత్రం అనుకోవద్దు, మోసం చేసేవాడి దగ్గర కూడా ఆ టార్చి ఉంటుంది, తాడిని తన్నేవాడి తల తన్నేవాడు వాడు.

పారాచూట్లతో దిగే 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో హెల్మెట్ పక్కల పేకముక్కల గుర్తులు ఉండేవి, 501వ రెజిమెంట్‌కి డైమండ్, 502కి హార్ట్, 506కి స్పేడ్. శిలువతో పాటు ఇలాంటి దళం గుర్తు కూడా కలిస్తే ధర ఆకాశంలో ఉంటుంది, అనుమానం దానికంటే పైన ఉండాలి. 501లో ఫాదర్ ఫ్రాన్సిస్ శాంప్సన్ నార్మండీలో పారాచూట్‌తో దూకిన ఛాప్లెయిన్, తర్వాత ఆర్మీ ఛాప్లెయిన్లందరికీ చీఫ్ అయ్యాడు. డైమండ్ పక్కన శిలువ గీసి ఆయన పేరు గుసగుసగా చెప్పేవాళ్ళు ఉంటారు. డోర్‌చెస్టర్ ఓడ 1943 ఫిబ్రవరి 3న మునిగినప్పుడు లైఫ్ జాకెట్లు ఇతరులకు ఇచ్చేసి చనిపోయిన నలుగురు ఛాప్లెయిన్లు, ఫాక్స్, గూడ్, పోలింగ్, వాషింగ్టన్, అమెరికాలో ఇంటింటికీ తెలిసిన పేర్లు. అలాంటి పేరు వినబడగానే ఆశ పుడుతుంది. ఆశ పుట్టినప్పుడే పర్సు జేబులో పెట్టేయాలి.

పేరు పట్టుకోవడం

అప్పట్లో అమెరికా ఆర్మీలో సామాను మీద ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీస్ నంబర్ చివరి నాలుగు అంకెలు రాసుకునేవాళ్ళు. బట్టలు ఉతకడానికి వేసినప్పుడు కలిసిపోకుండా పెట్టిన పద్ధతి కాబట్టి దీన్ని లాండ్రీ నంబర్ అంటారు. ఆఫీసర్ల పూర్తి సర్వీస్ నంబర్ ఇంగ్లిష్ O అక్షరంతో మొదలవుతుంది. లైనర్‌లో ఇలాంటి నంబర్ కనిపిస్తే చాలామంది వెంటనే అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ ఆన్‌లైన్ ఎన్‌లిస్ట్‌మెంట్ జాబితాలో వెతుకుతారు, దొరకదు, నిరుత్సాహపడి వదిలేస్తారు. అందులో ఉన్నవి ప్రధానంగా మామూలు సైనికులుగా చేరిన దాదాపు 90 లక్షల మంది పేర్లు. ఛాప్లెయిన్లు చర్చి నుంచి నేరుగా కమిషన్ తీసుకున్నవాళ్ళు, ఆ జాబితాలో ఉండకపోవడమే న్యాయం. పైగా అక్కడ అచ్చంగా సరిపోయే పేరు దొరికిందంటే, అది ఛాప్లెయిన్ హెల్మెట్ కాదేమో అని అప్పుడు కంగారుపడాలి.

మరి ఎలా? ఇందాక చెప్పిన ముగ్గురి లెక్క ఇక్కడ పనికొస్తుంది. హెల్మెట్ మీద డివిజన్ గుర్తో, దానితో పాటు వచ్చిన సామాను వల్లో రెజిమెంట్ ఏదో తెలిసిందనుకోండి. ఆ రెజిమెంట్ యుద్ధం మొత్తంలో వాడుకున్న ఛాప్లెయిన్లు, గాయపడిన వాళ్ళ స్థానంలో వచ్చిన వాళ్ళతో కలిపినా, కొద్దిమందే ఉంటారు. లైనర్‌లో ఉన్న అక్షరం ఎం అనుకుంటే, వాళ్ళలో ఇంటిపేరు ఎం అక్షరంతో మొదలయ్యేవాడు ఎవరు? చాలాసార్లు ఒక్కడే తేలతాడు, లేదా ఎవరూ తేలరు, ఎవరూ తేలకపోవడం కూడా జవాబే. పేర్ల కోసం ముందు ఆ దళం యుద్ధం అయిపోగానే 1945, 46 ప్రాంతాల్లో వేసుకున్న చరిత్ర పుస్తకం చూడండి, చాలావాటిలో ఛాప్లెయిన్ల ఫొటోలు, పేర్లు ఉంటాయి, స్కాన్ చేసినవి నెట్‌లో ఊరికే దొరుకుతాయి. తర్వాత మార్నింగ్ రిపోర్టులు, అంటే ప్రతి కంపెనీ రోజూ పంపిన హాజరు కాగితాలు. ఎవరు వచ్చారు, ఎవరు గాయపడ్డారు, ఎవరు వెళ్ళిపోయారు, అన్నీ సర్వీస్ నంబర్లతో సహా ఉంటాయి. మీ నాలుగు అంకెలు అక్కడ కలిస్తే పని అయిపోయినట్టే. ఛాప్లెయిన్ కోసం రెజిమెంట్ హెడ్‌క్వార్టర్స్ కంపెనీ కాగితాలతో మొదలుపెట్టండి.

ఛాప్లెయిన్ల విషయంలో ఇంకో సౌకర్యం ఉంది, మిగతా ఆఫీసర్లకి లేనిది. నెలనెలా ఎన్ని ఆరాధనలు జరిపాడు, ఎంతమంది వచ్చారు, ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్ళాడు, ఎన్ని అంత్యక్రియలు చేశాడు అని చీఫ్ ఆఫ్ ఛాప్లెయిన్స్ ఆఫీసుకి రిపోర్టు పంపాలి. ఆ ఆఫీసు కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 247 కింద ఉన్నాయి. ఒక మనిషి ఫలానా నెలలో ఏ ఊళ్ళో ఉన్నాడో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఫొటోలకి రికార్డ్ గ్రూప్ 111, అంటే ఆర్మీ సమాచార విభాగమైన సిగ్నల్ కోర్ ఫొటోగ్రాఫర్లు తీసినవి. జీపు బానెట్ మీద తెల్లగుడ్డ పరిచి పూజ చేస్తున్న ఛాప్లెయిన్ల ఫొటోలు చాలానే ఉన్నాయి, హెల్మెట్ పక్కన నేల మీదో, సహాయకుడి చేతిలోనో కనిపిస్తుంది. శిలువ ఒక చేయి కాస్త వంకరగా ఉండడం, రంగు కారిన చార, ఇలాంటివి ఫొటోలో దానితో కలిస్తే ఇంక మాట్లాడేదేముంది. ఆ అదృష్టం అందరికీ పట్టదు.

వ్యక్తిగత సర్వీస్ ఫైలు సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌లో ఉంటుంది. అక్కడ 1973 జులై 12న పెద్ద అగ్నిప్రమాదం జరిగి, 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య ఆర్మీ నుంచి విడుదలైన వాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. ఇది విని చాలామంది అడగడమే మానేస్తారు. మానకండి. యుద్ధం తర్వాత రిజర్వ్‌లో కొనసాగిన ఛాప్లెయిన్లు ఉన్నారు, 1960 తర్వాత విడుదలై ఉంటే వాళ్ళ ఫైలు ఆ కాలిపోయిన వరసలో ఉండదు. కాలినా, చివరి జీతం వోచరు లాంటి వేరే కాగితాల నుంచి కొంత తిరిగి కూర్చి ఇస్తారు. విడుదలై 62 ఏళ్ళు దాటిన ఫైళ్ళని బంధుత్వం లేని వాళ్ళు కూడా అడగొచ్చు, దానికి ఎస్ఎఫ్ 180 అనే ఫారం ఉంది. విజయవాడలో కూర్చుని కూడా పంపవచ్చు, ఓపిక మాత్రం దండిగా కావాలి.

ఆర్మీ తలుపు మూసుకుంటే చర్చి తలుపు తట్టండి. ప్రతి ఛాప్లెయిన్‌నీ సైన్యానికి ముందు అతని మతశాఖ సిఫారసు చేయాలి కాబట్టి అక్కడ కూడా ఒక ఫైలు ఉంటుంది. క్యాథలిక్ ఫాదర్ అయితే అతని డయాసిస్ (బిషప్ కింద ఉండే ప్రాంతం) ఆర్కైవ్, ప్రెస్బిటేరియన్ అయితే ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీ, రబ్బీ అయితే అమెరికన్ జ్యూయిష్ హిస్టారికల్ సొసైటీలో ఉన్న జ్యూయిష్ వెల్ఫేర్ బోర్డు కాగితాలు. చర్చి ఆర్కైవ్‌లో పనిచేసే పెద్దవాళ్ళు చాలా ఆప్యాయంగా జవాబిస్తారు, నా అనుభవంలో ప్రభుత్వ ఆఫీసుల కంటే త్వరగా కూడా. సౌత్ కెరొలైనాలోని ఫోర్ట్ జాక్సన్‌లో ఆర్మీ ఛాప్లెయిన్ మ్యూజియం ఉంది, అక్కడ అసలైన వస్తువులు ఒకసారి కళ్ళారా చూస్తే కన్ను తయారవుతుంది.

మనకి దగ్గరగా వచ్చిన పేరు ఒకటుంది, ఫాదర్ ఎమిల్ కపాన్. 1945, 46లో బర్మా ఇండియా రంగంలో పనిచేశాడు, తర్వాత కొరియాలో 8వ కావల్రీ రెజిమెంట్‌తో ఉండి, 1950 నవంబరులో ఉన్సాన్ దగ్గర పట్టుబడి, 1951 మే 23న యుద్ధఖైదీల శిబిరంలో చనిపోయాడు. 2013లో అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, 2021లో అవశేషాలు గుర్తించారు. ఇలా ఒకే మనిషి రెండు యుద్ధాల్లో ఉండడం ఛాప్లెయిన్లలో అరుదు కాదు కాబట్టి, హెల్మెట్ ఏ యుద్ధానిదో తేల్చకుండా పేరు ఒక్కటే కలిసిందని సంబరపడితే లాభం లేదు.

బ్రిటన్, నేవీ, వియత్నాం, రెండు ముక్కల్లో

బ్రిటిష్ ఛాప్లెయిన్లది రాయల్ ఆర్మీ ఛాప్లెయిన్స్ డిపార్ట్‌మెంట్. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళలో మెలిష్, అడిసన్, హార్డీ అని ముగ్గురికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. వాళ్ళ ఉక్కు హెల్మెట్ బ్రోడీ 1915లో వచ్చింది, అంతకు ముందు వాళ్ళకి ఉక్కు టోపీల్లేవు. మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ దొర 1895లో సికింద్రాబాద్ వచ్చి మొదట తిరుమలగిరి కంటోన్మెంట్‌లోని బ్రిటిష్ సైనికుల మధ్యే పనిచేశాడు, అది నచ్చకే పల్లెలకు వెళ్ళిపోయాడు. కాబట్టి ఎవరైనా మీకు ఆ కాలపు కంటోన్మెంట్ పాదిరి దొర ఉక్కు హెల్మెట్ అని చూపిస్తే కాలెండర్ చూపించండి. బ్రిటిష్ పేర్ల కోసం లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో మెడల్ కార్డులు, మ్యూజియం ఆఫ్ ఆర్మీ ఛాప్లెన్సీ వాళ్ళ దగ్గర కార్డు ఇండెక్స్ చూడాలి.

అమెరికా మెరైన్లకి సొంత ఛాప్లెయిన్లు లేరు, నేవీ ఛాప్లెయిన్లే వాళ్ళతో వెళ్తారు. అందుకే మెరైన్ దళంలో ఉన్న ఛాప్లెయిన్ కాగితాలు ఆర్మీలో వెతికితే దొరకవు. వియత్నాం నాటివి ఇంకా కష్టం, ఎందుకంటే శిలువ ఉండేది ఉక్కు మీద కాదు, పైన కప్పిన గుడ్డ మీద, పెన్నుతో. ఒక పాత గుడ్డ కవరు, ఒక మార్కర్ పెన్ను ఉంటే చాలు. ఫొటో రుజువో కుటుంబం నుంచి నేరుగా వచ్చిన కాగితమో లేకుండా వాటి జోలికి నేను వెళ్ళను.

కొన్నాక

ముందు శుభ్రం చేయాలన్న కోరిక చంపుకోండి. తడిగుడ్డ, సబ్బు, నెయిల్ పాలిష్ తీసే మందు, ఏదీ వద్దు. శిలువ మీది మురికి కూడా రుజువే, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. లైనర్ తోలు పట్టీ ఎండిపోయిందని అమ్మ పంపిన కొబ్బరినూనె రాసేస్తే అది నల్లబడి, కుట్లు మెత్తబడి ఊడిపోతాయి. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళల్లో ఉంటే గదిలో తేమ తగ్గించుకోండి, సిలికా జెల్ సంచులు పెట్టి ఎప్పటికప్పుడు మార్చండి, ప్లాస్టిక్ కవర్లో గాలాడకుండా చుట్టి అటక మీద పడేయకండి. ఎండ తగిలే కిటికీ దగ్గర వద్దు. హెల్మెట్‌ని అంచు మీద కూర్చోబెట్టకుండా లోపల యాసిడ్ లేని కాగితం ఉండలు చుట్టి ఆనించండి, లేకపోతే పట్టీలు నలిగిపోతాయి.

కుటుంబం దొరికితే మొదటి ఉత్తరంలోనే "మీ తాతగారి హెల్మెట్ నా దగ్గరుంది" అని మొదలుపెట్టకండి. అది ఎలా ఇల్లు దాటిందో మనకి తెలియదు, అన్నదమ్ముల మధ్య గొడవ అయి ఉండొచ్చు. ఆయన సర్వీస్ గురించి పరిశోధిస్తున్నానని రాయండి, ఫొటోలేమైనా ఉన్నాయా అని అడగండి, జవాబొస్తే అప్పుడు సంగతి చెప్పండి. తిరిగి అడిగితే ఏం చేస్తారో ఉత్తరం రాయకముందే తేల్చుకోండి. వాళ్ళ పేర్లు, అడ్రసులు అమ్మకం ప్రకటనల్లో పెట్టొద్దు.

ఒక ఫైలు తయారుచేయండి. కొన్న తేదీ, ఎక్కడ, ఎంత, అమ్మినవాడు ఏం చెప్పాడు, అందులో ఏది కాగితంతో తేలింది, ఏది ఊరికే చెప్పింది. ఈ రెండూ వేరువేరు పేజీల్లో రాయండి, కలిపి రాస్తే కొన్నాళ్ళకి మీకే తేడా తెలియదు. లోపలి ముద్ర, కొక్కేలు, అతుకు, శిలువ, అన్నిటి ఫొటోలూ ఏటవాలు కాంతిలో తీసి పెట్టండి. హెల్మెట్ మీద మాత్రం స్టిక్కర్ అంటించకండి, నంబర్ రాసిన చిన్న నూలు ట్యాగు చిన్‌స్ట్రాప్‌కి వదులుగా కట్టండి, రేపు మీరు అమ్మినా, పిల్లలు అమ్మినా ఫైలు దానితోనే వెళ్ళాలి.